ఆరు గంటల చప్పుడు

జూన్ 2

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వెలా ఉన్నావని తర్వాత అడుగుతాను, ముందు నా గోల విను.

నువ్వు సొరంగం పనికి వెళ్లే ముందు మీ బావ చేతిలో పెట్టిన అగ్గిపెట్టెంత పాటల డబ్బా ఉంది చూడు, దాంట్లోకి ఆ ఆరు ఫైళ్లూ ఎక్కించడం నా వల్ల కావడం లేదు. ప్రెస్సు మూసేసిన వారంలో నువ్వు అచ్చుయంత్రం పక్కన కూర్చుని రికార్డు చేశావే, ఆ ఆరు గంటల చప్పుడు. అందరి మొగుళ్లూ పాటలు వింటారు, నా మొగుడు ధనధనమనే యంత్రాన్ని వింటాడు. ఇరవై ఎనిమిదేళ్లు రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకున్న మనిషి. ఇప్పటికీ మధ్యాహ్నం కంప్యూటర్లో ఆ చప్పుడు పెడితేనే ఆయనకి కునుకు పడుతుంది. యంత్రాన్ని తూకానికి అమ్మేశారు కాబట్టి ఆ చప్పుడు ఇప్పుడు లోకం మొత్తంలో మన కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేదు.

తొందరెందుకంటావా? ఇరవై ఒకటో తారీఖున మీ బావని గాజు గదిలో పెడుతున్నారు. ఘాటు మందు ఎక్కించి పాత మూలుగను చంపేసి, కొత్త రక్తం పుట్టేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వరట. నాలుగు వారాలు. ఫోను కుదరదు, పుస్తకం కుదరదు, బయటి కాగితం ముక్క కూడా కుదరదు. పెద్ద నర్సుని బతిమాలితే, ఈ డబ్బాని స్పిరిటుతో తుడిచి ప్లాస్టిక్ సంచిలో సీలు వేసి ఇస్తానంది. ఛార్జింగు కూడా వాళ్లే చూసుకుంటారట.

ఆయన రోగానికి భయపడ్డం లేదురా, నిశ్శబ్దానికి భయపడుతున్నారు. ప్రెస్సు మూసిన కొత్తలో పన్నెండు రోజులు నిద్ర లేక గోడతో మాట్లాడిన సంగతి నీకు తెలుసు. లోపల నిద్ర పడితేనే ఈ మందుని ఒళ్లు తట్టుకుంటుందని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

ఇక నీ కంప్యూటర్ సంగతి. తీగ గుచ్చి ఫైళ్లు లాగి డబ్బా మీద పడేస్తే 'ఇంకా తొమ్మిది గంటలు' అంటుంది. టీ పెట్టుకొచ్చేసరికి 'రెండు రోజులు'. కాసేపటికి 'పదకొండు నిమిషాలు'. మళ్లీ రెండు రోజులు! ముప్పై ఏళ్లు కాగితం గోడౌన్లో లారీలు ఎక్కించి దించినదాన్ని, ఏ డ్రైవరైనా నాకిలా పూటకో మాట చెప్పి ఉంటే గేటు దాటనిచ్చేదాన్ని కాదు. నిన్న ఏడు గంటలు కూర్చుంటే ఒక్క ఫైలు కూడా పూర్తికాకుండా ఆగిపోయింది.

ఏం చెయ్యాలో వెంటనే రాయి.

నీ కంప్యూటర్ చేతిలో ఓడిపోయిన
అక్క


జూన్ 6

అక్కా,

నీ ఉత్తరం ఈ పొద్దున జీపులో వచ్చింది. అదే జీపు మధ్యాహ్నం తిరిగి వెళ్తుంది కాబట్టి గబగబా రాస్తున్నాను. మళ్లీ జీపు గురువారం దాకా లేదు. ఫోన్లు మాకు గేటు దగ్గరే తీసేసుకుంటారు. లోపల పేలుడు తీగలుంటాయి, ఎక్కడో ఒక ఫోను మోగితే ఇక్కడ కొండ లేస్తుందని వీళ్ల భయం. నా పని ఆ కొండ ఎంత అదిరిందో మీటర్లో చూసి రాసుకోవడం. కొండను తవ్వి ఎలుకను పట్టే ఉద్యోగం అని బావ అంటే నవ్వాను కానీ, ఇవాళ ఆ ఎలుక కూడా దొరికేలా లేదు.

నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. గాజు గది అన్నచోట ఆగిపోయాను. సరే, అది వదిలెయ్. నా చేతనయింది చెప్తాను.

తప్పు మూడుచోట్ల ఎక్కడైనా ఉండొచ్చు. ఒకటి తీగ. డబ్బాతో పాటు ఇచ్చిన పొట్టి తీగేనా, లేక సొరుగులో దొరికిన ఏదో ఒకటి గుచ్చావా? పాత తీగ అయితే మధ్యలో వదులై, సరుకు పాక్కుంటూ పోతుంది. రెండోది నువ్వు గుచ్చిన చోటు. ముందు వద్దు, వెనక పెట్టు. మూడోది ఆ ఫైళ్లే కావచ్చు, అవి నేను బాగా పెద్దవిగా రికార్డు చేశాను.

ఇంకో మాట. కంప్యూటర్ ఏదైనా అడిగితే నువ్వు భయపడి 'వద్దు' నొక్కుతావు, నాకు తెలుసు. పోయినసారి అలాగే నొక్కి నొక్కి ప్రింటరుని మూగదాన్ని చేశావు. ఈసారి ఏది అడిగినా ధైర్యంగా 'అవును' నొక్కు. ఏమీ కాదు.

బావని అడిగానని చెప్పు. కాదు, చెప్పకు, నేను కంగారుపడుతున్నానని ఆయనకి తెలిసిపోతుంది.

తమ్ముడు


జూన్ 9

తమ్ముడూ,

వెనక పెట్టమన్నావు. డబ్బాని కంప్యూటర్ వెనకాల, గోడ పక్కన పెట్టాను. దుమ్ము తప్ప తేడా ఏం కనబడలేదు. ముందు పెడితే ఏంటి, వెనక పెడితే ఏంటి, దానికేమన్నా సిగ్గా?

తీగ మాత్రం మార్చాను. నువ్వన్న పొట్టి తీగ మీ బావ కళ్లజోడు పెట్టెలో దొరికింది, ఎందుకు దాచుకున్నారో ఆయనకే తెలియదు. ఇప్పుడు 'తొమ్మిది గంటలు' పోయి 'ఆరు గంటలు' అయింది. గుడ్డికన్నా మెల్ల నయం అనుకుని కూర్చున్నాను. మూడు గంటలయ్యాక ఏదో అడిగింది. నువ్వు చెప్పావుగా, 'అవును' నొక్కేశాను. కంప్యూటర్ మొత్తం ఆరిపోయి మళ్లీ వెలిగింది. ఎక్కిందంతా గంగపాలు. ఏం అడిగిందో చదవలేదు, నువ్వు చదవమనలేదు.

మీ బావ సంచి సర్దడం మొదలుపెట్టారు. సంచిలో ఏమీ పెట్టనివ్వరని తెలిసీ సర్దుతున్నారు, మళ్లీ తీస్తున్నారు. నేను కంప్యూటర్ ముందుంటే కాలుగాలిన పిల్లిలా గుమ్మం దాకా వస్తారు. 'ఎంతవరకు వచ్చింది?' అని అడుగుతారు. 'వస్తోంది' అంటాను. 'వస్తే వస్తుంది, రాకపోతే మానేస్తుంది, నువ్వు భోంచెయ్' అని వెళ్లిపోతారు. అయిదు నిమిషాలకి మళ్లీ గుమ్మంలో ఉంటారు.

నిన్న రక్తం తీసినప్పుడు నర్సు సూది కోసం నాలుగుచోట్ల వెతికింది. ఆయన ఆ అమ్మాయితో, 'అచ్చుపనిలో కాగితం వంకరపోతే పక్కన పడేసి ఇంకోటి పెడతాం, నా చెయ్యి పక్కన పడెయ్యలేం కదా, నెమ్మదిగా చూడు' అన్నారు. అందరూ నవ్వారు. నేను బయటికొచ్చి ఏడ్చాను.

ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. అర్థమయ్యేట్టు రాయి.

అక్క


జూన్ 13

అక్కా,

తప్పు నాదే. వెనక అంటే డబ్బాని వెనక్కి పెట్టమని కాదు తల్లీ! కంప్యూటర్ పెట్టెకి ముందువైపు రెండు బెజ్జాలుంటాయి, వెనకవైపు నాలుగుంటాయి. తీగ చివర వెనకవైపు బెజ్జంలో గుచ్చాలి. ముందువి పాతబడిపోయాయి, నత్తనడక అందుకే. మధ్యలో ఆ నాలుగు నోళ్ల డబ్బా ఏదైనా తగిలించావేమో, అది పీకెయ్. కీబోర్డూ, చిన్న ఫ్యానూ, ఇదీ ఒకే నోటితో తాగితే దేనికీ చాలదు.

అసలు ముఖ్యమైన సంగతి ఇది. ఆ ఫైళ్లు బాగా బరువు. నా బుద్ధి తక్కువై అచ్చుయంత్రం చప్పుడుని కచేరీ రికార్డు చేసినంత శ్రద్ధగా చేశాను. అందుకని నువ్వు ముందు ఆ ఆరింటినీ కుదించు, తర్వాత డబ్బాలోకి ఎక్కించు. ఎలాగో నీకు కష్టమేమీ కాదు, ఫైలు మీద కుడివైపు నొక్కితే వరసగా పనులు కనిపిస్తాయి, వాటిల్లో ఉంటుంది. అలా చేస్తే అరగంటలో అయిపోతుంది.

బావ గుమ్మంలోకి వచ్చి అడిగినప్పుడల్లా 'వస్తోంది' అని చెప్పకు. 'తమ్ముడు చూసుకుంటున్నాడు' అని చెప్పు. ఆయనకి నా మీద నమ్మకం లేదు, అయినా చెప్పు.

నిన్న ఇక్కడ పేలుడు జరిగినప్పుడు మీటర్లో ముల్లు కదలడం చూస్తూ కూడా నేను మీ గురించే ఆలోచిస్తున్నాను. అంకె రాసుకోవడం మర్చిపోయి తిట్లు తిన్నాను. నా బదులు మనిషి వచ్చే నెల పదో తారీఖు దాకా రాడు, లేకపోతే ఈపాటికి నీ కంప్యూటర్ ముందు ఉండేవాణ్ణి.

జీపు హారన్ కొడుతున్నాడు.

తమ్ముడు


జూన్ 17

నా బంగారు తమ్ముడూ,

అయిపోయింది! ఆరూ ఎక్కాయి!

నువ్వు చెప్పినట్టే చేశాను. తీగ వెనక బెజ్జంలో గుచ్చాను. నాలుగు నోళ్ల డబ్బా పీకేశాను. తర్వాత నువ్వు దించమన్నావు కదా, ఆ మాట చదవగానే నాకు మబ్బు విడిపోయినట్టయింది. ముందే ఇలా గోడౌన్ భాషలో చెప్పి ఉంటే ఎప్పుడో అయిపోయేది కదరా! ఒక లారీలోంచి ఇంకో లారీలోకి సరుకు మార్చాలంటే ముందు దించాలి, తర్వాత ఎక్కించాలి. ఇన్నాళ్లూ నేను దించకుండానే ఎక్కించాలని చూస్తున్నాను, ఇంకెలా ఎక్కుతుంది?

ఫైలు మీద కుడివైపు నొక్కితే వరసగా పనులు వచ్చాయి. 'దించు' అని మాత్రం ఎక్కడా లేదు. కత్తెర బొమ్మ ఒకటి ఉంది. ఉన్నచోటు నుంచి తెంపి తీసేదే దించడం కదా అని అది నొక్కాను. తర్వాత డబ్బాలో అంటించాను. రెండున్నర గంటల్లో మొత్తం పోయింది. ఇక్కడ కంప్యూటర్లో చూస్తే ఊడ్చినట్టు ఖాళీ, ఒక్క ముక్క మిగల్లేదు. నా చేతి కింద సగం దించి వదిలేసిన లారీ ఇప్పటిదాకా లేదు.

మీ బావకి చెప్తే 'నిజంగా?' అన్నారు. అంతే. తర్వాత వెళ్లి గడ్డం గీసుకున్నారు. పది రోజులుగా గీసుకోలేదు.

ఇవాళ కడుపునిండా తిన్నాను. నువ్వు కూడా తిను.

గెలిచిన
అక్క


జూన్ 20

అక్కా! అక్కా!

నేను దించమనలేదు. కుదించమన్నాను. కు-దిం-చు! కుదించడమంటే చిన్నది చెయ్యడం. నా ఉత్తరం తీసి చూడు. ఆ 'కు' వరస చివర పడి, 'దించు' కింది వరసలోకి వెళ్లి ఉంటుంది. కాగితం పొదుపు చేద్దామని అంచుదాకా రాసే నా పాడు అలవాటు ఇది.

నువ్వు చేసింది కాపీ కాదు, మొత్తానికి తరలించడం. అంటే ఇప్పుడు ఆ ఆరు గంటలూ డబ్బాలో తప్ప ఎక్కడా లేవు. ఇది చదివిన వెంటనే డబ్బా తగిలించి ఆ ఆరింటినీ కంప్యూటర్లోకి కాపీ చెయ్యి. కత్తెర కాదు, పక్కనే రెండు కాగితాల బొమ్మ ఉంటుంది, అది. అయిపోయాక తీగని ఊరికే లాగెయ్యకు, కింద మూలలో చిన్న బాణం నొక్కి 'ఇక తీసెయ్యొచ్చు' అని అది చెప్పాకే లాగు. ఈ మాట పదమూడో తారీఖునే రాయాల్సింది, జీపువాడి హారన్‌లో మర్చిపోయాను.

ఏదైనా అడిగితే 'అవును' నొక్కకు. చదువు. చదివి నాకు రాయి. దేనికీ అవును అనకు.

రేపే ఇరవై ఒకటి. ఈ ఉత్తరం నీకు చేరేసరికి బావ లోపల ఉంటారు. అంతా బాగానే ఉందని ఒక్క ముక్క రాయి.

తమ్ముడు


జూన్ 26

తమ్ముడూ,

నీ ఉత్తరం ఇరవై మూడున వచ్చింది. నువ్వు అన్నీ సరిగ్గానే చెప్పావు, చేతులు కాలాక.

పదిహేడో తారీఖు సాయంత్రం నీకు ఉత్తరం పోస్టు చేసి వచ్చి, సంతోషంలో తీగ లాగేశాను. మర్నాడు మీ బావకి వినిపిద్దామని మళ్లీ గుచ్చితే ఏదో అడిగింది. ఈసారి చదివాను, ప్రమాణంగా చదివాను. 'దీన్ని వాడాలంటే సిద్ధం చెయ్యాలి, చెయ్యమంటారా?' అన్నట్టుంది. సిద్ధం చెయ్యడం మంచిదే కదా! నువ్వు కూడా అవును అనమన్నావు. అవును అన్నాను. క్షణంలో అయిపోయింది. ఇన్నాళ్లూ గంటలూ రోజులూ అన్న కంప్యూటర్, తుడిచెయ్యడానికి మాత్రం క్షణం తీసుకుంది.

డబ్బాలో సున్నా. కంప్యూటర్లో సున్నా. నీ పాత ఉత్తరం తీసి చూశాను. 'కు' ఉంది. సిరా మరకనుకున్నానురా. ముప్పై ఏళ్లు చలానాల్లో చీమతలంత అంకెలు చదివిన కళ్లు ఇవి.

మీ బావకి చెప్పలేదు. ఆ మూడు మధ్యాహ్నాలూ ఆస్పత్రిలో పరీక్షలకే పోయాయి, కంప్యూటర్లో చప్పుడు పెట్టమని ఆయన అడగలేదు. గడ్డం గీసుకుని, కొత్త బనియన్ వేసుకుని, చేతులు చాపి డబ్బా అడిగిన మనిషికి ఏమని చెప్పను? సంచిలో సీలు వేసి నర్సుకిచ్చాను. ఖాళీ డబ్బా ఇచ్చాను. లోపలికెళ్లాక ఆయన చూసుకుంటారు, నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనీ అనుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. నువ్వు కూర్చుని చదువు.

మర్నాడు అద్దం దగ్గరికి వెళ్లాను. అద్దం మందం, మాట అటూ ఇటూ పోదు. ఆయన ఆ డబ్బాకున్న వినే తీగలు చెవుల్లో పెట్టుకుని ఉన్నారు. నా చెవి మీద వేలు పెట్టి, వినిపిస్తోందా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాను. ఎందుకడిగానో నాకే తెలియదు, లేదంటారు, కోప్పడతారు, నేను ఏడుస్తాను, అయిపోతుంది అనుకున్నానేమో. ఆయన తల ఊపారు. నవ్వుతూ ఊపారు! అంతటితో ఆగకుండా మంచం ఊచ మీద వేళ్లతో తాళం వేశారు. ధన, ధన, ధన, ఆగి, ధన. అచ్చం ఆ యంత్రమే.

తమ్ముడూ, ఆ డబ్బాలో ఏమీ లేదు. మరి ఆయన ఏం వింటున్నారు?

ఈ మందు బుర్రకెక్కే ప్రమాదం ఉందని ముందే చెప్పారు. లేనిది కనిపించినా, లేనిది వినిపించినా వెంటనే చెప్పమన్నారు. చెప్తే మందు ఆపేస్తారు. మధ్యలో ఆపితే పాతదీ చచ్చి, కొత్తదీ పుట్టక ఆయన ఏమవుతారు? చెప్పకపోతే బుర్ర ఏమవుతుంది? మింగలేను, కక్కలేను. రోజూ వెళ్తున్నాను, రోజూ అడుగుతున్నాను, రోజూ తల ఊపుతున్నారు. మధ్యాహ్నం కళ్లు మూసుకుని పడుకుంటున్నారు, వేళ్లు మాత్రం ఆడుతూనే ఉంటాయి.

పెద్ద డాక్టరు ఊళ్లో లేరు, నాలుగో తారీఖు సోమవారం వస్తారు. ఆయనకి చెప్పేస్తాను. అంతకుముందు నీ మాట ఒకటి వింటే బాగుండనిపించింది. ఇంకెవరికీ చెప్పుకోలేను. ఎవరికి చెప్పినా, ఖాళీ డబ్బా ఇచ్చిందెవరమ్మా అని అడుగుతారు.

అక్క


జూన్ 25

బావమరిదీ,

ఇది నేను చెప్తుంటే నర్సమ్మ తన పుస్తకంలో రాసుకుని, బయటికెళ్లి మళ్లీ శుభ్రంగా రాసి పోస్టు చేస్తుంది. తప్పులుంటే ఆవిడవి, అబద్ధాలుంటే నావి.

నువ్విచ్చిన డబ్బాలో ఏమీ లేదోయ్. మొదటి రోజే నొక్కి చూశాను, సున్నా అని వెలిగి ఊరుకుంది. మీ అక్క మూడు వారాలు దాంతో పడ్డ కుస్తీ పక్కగదిలోంచి విన్నవాణ్ణి. కంప్యూటర్ని తిట్టింది, నిన్ను తిట్టింది, ఆ యంత్రాన్ని కనిపెట్టినవాణ్ణి కూడా తిట్టింది. చివరికి గెలిచానంది. ఎక్కడో ఏదో జారిపోయి ఉంటుంది, పాపం ఆవిడకి తెలియదు.

తెలియకూడదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం. మర్నాడు అద్దం అవతల నిలబడి చెవి మీద వేలుపెట్టి వినిపిస్తోందా అని అడిగింది. ఆ మొహం చూస్తూ లేదనడానికి నాకు ధైర్యం చాలలేదు. తల ఊపాను. నమ్మినట్టు కనబడలేదు. అందుకని ఊచ మీద తాళం కూడా వేశాను. అప్పుడు ఆవిడ మొహం ఒక్కసారిగా ఎలాగో అయిపోయింది. సంతోషం పట్టలేకపోయింది కాబోలు.

నిద్ర సంగతి నిన్ను మోసం చెయ్యను. పట్టడం లేదు. ఇక్కడి నిశ్శబ్దం చెవుల్లో దూది కుక్కినట్టుంటుంది. భయంగా ఉందోయ్, ఉన్నమాట చెప్తున్నా. మధ్యాహ్నం ఆవిడ వెళ్లేదాకా కళ్లు మూసుకుని, వేళ్లాడిస్తూ పడుకుంటాను. ఆవిడ వెళ్లాక కళ్లు తెరిచి పైకప్పు చూస్తాను. ఆ నటన కోసమైనా రేపు మధ్యాహ్నం దాకా ఉండాలి కదా అనుకుంటాను.

మీ అక్కకి ఈ ముక్క చెప్పావో, బయటికొచ్చాక నీ తోలు తీస్తాను.

మీ బావ


జూన్ 30

అక్కా,

ఇవాళ జీపులో రెండు ఉత్తరాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి నీది. రెండోది బావది. బావది ముందు చదివి నవ్వాను. నీది చదివాక నవ్వు ఆగిపోయింది. చదివిన చోటే, డిటొనేటర్ల షెడ్డు బయట, బురదలో కూలబడ్డాను.

బావ ఉత్తరం ఇందులో పెట్టాను. ఇప్పుడే, ఇది చదవడం ఆపి, అది చదువు.

చదివావా? ఆయన మతి లక్షణంగా ఉంది. నీకూ నాకూ ఉన్నదానికన్నా బాగా ఉంది. డాక్టరుకి లేనిది వినిపిస్తోందని చెప్పకు, చెప్తే లేని రోగానికి ఉన్న మందు ఆపేస్తారు. చెప్పాల్సిన మాట ఒక్కటే, ఆయనకి నిద్ర పట్టడం లేదని.

నీకు చెప్పొద్దని బావ ఒట్టు పెట్టినంత పని చేశారు. నా తోలు ఆయన తీసుకోవచ్చు. ఒకరిని కాపాడటానికి ఇంకొకరు అబద్ధమాడుతున్నారు, ఆ అబద్ధం చూసి నువ్వు హడలిపోతున్నావు. మధ్యలో ఈ కొండమీద నిజం మొత్తం మోస్తున్నది నేను. ఇది నేను మొయ్యలేను. అందుకని నీ ఇరవై ఆరో తారీఖు ఉత్తరం కూడా ఇందులోనే తిప్పి పంపుతున్నాను. కాగితం లోపలికి పోదు కానీ అద్దం దాకా పోతుంది కదా. దాన్ని అద్దానికి ఆనించి పట్టుకో. ఆయన్ని చదవనియ్. మొదటి పేజీ దగ్గర్నుంచీ, నన్ను దెప్పిన వాక్యాలతో సహా.

ఎవరిచేతనైనా ఫోను చేయించొచ్చు, కానీ నోటిమాటగా చెప్తే నువ్వు నమ్మవు, నీకు ధైర్యం చెప్పడానికి కల్పించాననుకుంటావు. అందుకే ఊరికి వెళ్తున్న మా ఇంజనీరు చేతికిచ్చి పంపుతున్నాను. ఆదివారానికల్లా మీ గుమ్మంలో ఉంటాడు, లేకపోతే తిరిగొచ్చాక నా మొహం చూడొద్దన్నాను.

కంప్యూటర్ ముట్టుకోకు. తుడిచేసినవి కూడా ఒక్కోసారి వెనక్కి లాగొచ్చు. దొరుకుతాయో లేదో నేను వచ్చాక చూస్తాను. దొరుకుతాయని మాట ఇవ్వలేను. ఇన్నాళ్లూ నీకు ధైర్యం చెప్పడమే పనిగా పెట్టుకుని, జాగ్రత్త చెప్పడం మర్చిపోయాను. నన్ను క్షమించు అక్కా.

తమ్ముడు


జూలై 4

తమ్ముడూ,

మీ ఇంజనీరు నిన్న సాయంత్రం చెప్పులు విప్పకుండానే కవరిచ్చి వెళ్లిపోయాడు, నువ్వేం చెప్పి భయపెట్టావో. మీ బావ ఉత్తరం గుమ్మంలో నిలబడే చదివాను. 'సంతోషం పట్టలేకపోయింది కాబోలు' అన్నచోట కాగితం మడిచేసి, కాసేపు మెట్టు మీద కూర్చున్నాను. లేదనడానికి ఆయనకి ధైర్యం చాలకుండా చేసిన నా మొహం ఎలా ఉందో అద్దంలో కూడా చూసుకోలేకపోయాను.

ఇవాళ పదకొండింటికి వెళ్లాను. నా ఉత్తరం ఒక్కో పేజీ అద్దానికి ఆనించాను. ఆయన సైగ చేసి నర్సు చేత కళ్లజోడు పెట్టించుకున్నారు. నాకు ఇటువైపు నుంచి నా కాగితం వెనకభాగమే కనబడుతోంది, ఆయన మొహం కనబడటం లేదు. ఎప్పుడు పేజీ మార్చాలో తెలియక, నా అంచనాకి వదిలేశాను. ఆఖరి పేజీ రెండుసార్లు జారింది.

తీసి చూస్తే నవ్వుతున్నారు. భుజాలు ఎగిరేంతగా నవ్వుతుంటే నర్సు పరిగెత్తుకొచ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, చెవుల్లోవి రెండూ పీకి బల్ల మీద పడేశారు. నావంక చూసి, చెవి మీద వేలుపెట్టి, అడ్డంగా తల ఊపారు. నేనూ అడ్డంగా ఊపాను. ఇద్దరం అలా ఊపుకుంటూ ఉంటే పక్క గది వాళ్లు మాకిద్దరికీ మతి పోయిందనుకుని ఉంటారు.

రోజూ అయితే పావుగంటకి వచ్చేసేదాన్ని, చూడలేక. ఇవాళ స్టూలు అడిగి తీసుకుని అద్దం పక్కనే కూర్చున్నాను. ఆయన నావైపు తిరిగి పడుకున్నారు. చూస్తూ చూస్తూ ఉండగానే కళ్లు వాలిపోయాయి. వేళ్లు ఆడటం లేదు. నేను నమ్మలేదు, ఇది కూడా నా కోసమేనేమో అనుకున్నాను. కాసేపటికి నోరు తెరుచుకుంది, దిండు మీద చొంగ కారింది. ముప్పై ఆరేళ్లుగా చూస్తున్నానురా, చొంగ కార్చి నటించేంత కళాకారుడు కాదు మీ బావ.

రెండు గంటలైనా నేను స్టూలు మీంచి లేవలేదు. కాళ్లు తిమ్మిరెక్కాయి. పెద్ద డాక్టరు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, నా పక్కన నిలబడి, 'ఏమ్మా, ఎలా ఉన్నారు? ఏమైనా చెప్పాలా?' అని అడిగాడు.

అంత మందం అద్దం. ఇవతల బాంబు పేలినా అవతలికి వినపడదు.

'నెమ్మదిగా మాట్లాడండి డాక్టరుగారూ, పడుకున్నారు' అన్నాను.

అక్క